దొరసానమ్మ పెట్టెలో బట్టల పేర్లు

నార్వే భాషలో నాకు ఆకలేస్తోందని చెప్పడం రాదు. మంచినీళ్ళు అడగడం రాదు. మనిషి పోయాడన్న మాటను ఆ భాషలో ఏమంటారో ఈనాటికీ తెలియదు. బట్టల పేర్లు మాత్రం వచ్చు. అవి కూడా మగవాళ్ళ బట్టలు, మంచు కురిసే దేశంలో తొడుక్కునేవి. చంద్రగిరి దగ్గర పుట్టి పెరిగి, ఉన్ని అంటే గొంగళి తప్ప ఎరగనిదానికి ఇదేం చదువని ఎవరైనా నవ్వితే నాకు కోపం రాదు. మొదట్లో నేనూ నవ్వాను.

నలభైల మొదట్లో మాట. యుద్ధం నడుస్తోంది. మా ఊరి బయట మిషన్ వాళ్ళ కుట్టుపని నేర్పే బడి ఒకటి ఉండేది. దాన్ని నడిపేది ఒక నార్వే దొరసాని. నేను అందులో రెండో టీచరును, అప్పటికి ఇరవై దాటాయి. నాయన పోయాక అమ్మా నేనూ బంగళా వెనక గదిలోనే కాపురం ఉన్నాం. దొరసానమ్మకు తెలుగు బాగానే వచ్చు, కాకపోతే ఆమె దాన్ని బైబిలు ముందు పెట్టుకుని నేర్చుకుంది. పాలవాడితో కూడా ‘ఈ పాలలో నీరు కలదు, నీవు సిగ్గుపడుము’ అనేది. వాడు నిజంగానే సిగ్గుపడేవాడు. మర్నాడు మళ్ళీ నీళ్ళు కలిపేవాడు.

ఆమె భర్త మిషన్‌లో వడ్రంగం నేర్పేవాడు. ఇక్కడికి రాకముందు ఓడల మీద పనిచేసిన మనిషి. వాళ్ళ దేశాన్ని జర్మనీవాళ్ళు పట్టుకున్నారని తెలిసిన ఎండాకాలంలో, మద్రాసులో ఆగి ఉన్న తమ దేశపు ఓడ ఒకటి మనుషుల కోసం చూస్తోందని విని పోయి ఎక్కేశాడు. పోయేటప్పుడు రెండు జతల పల్చటి బట్టలు మాత్రం సంచిలో వేసుకున్నాడు. ఓడలో కావలసినవి ఓడవాళ్ళే ఇస్తారట. చలిబట్టలన్నీ పెట్టెలో పెట్టి, ఇవి మనిద్దరం కలిసి ఇంటికి పోయే రోజుకని భార్యతో చెప్పాడట. ఆయన గురించి నాకు బాగా గుర్తున్నది ఆయన ఎత్తు. మా గదిలోకి రావాలంటే నడుం దగ్గర వంగి వచ్చేవాడు.

ఏటా వానలు తగ్గి ఎండ తేటపడ్డాక ఆ పెట్టె తీసేవాళ్ళం. వేపాకులు, కలరా ఉండలు తీసి పక్కన పెట్టి, బట్టలన్నీ బంగళా ముందు తీగ మీద ఆరేసేవాళ్ళం. ఒక్కొక్కటీ దులిపి నాకు అందిస్తూ ఆమె దాని పేరు చెప్పేది. చొక్కా అయితే షుర్తె. లాగు అయితే బుక్సె. మోకాళ్ళ దాకా వచ్చే మేజోళ్ళు స్ట్రొంపర్. నాలుగు వేళ్ళకూ కలిపి ఒకే సంచీ, బొటనవేలికి వేరే సంచీ ఉండే చేతితొడుగులు వొత్తర్. నెత్తికి లూవె. మెడకు షెర్ఫ్. ఆమె పెళ్ళికి ముందు తన చేత్తో అల్లిన, తెల్ల చుక్కల నల్ల ఉన్ని పైచొక్కా గెన్సర్. అన్నిటికన్నా బరువైనది, నేను రెండు చేతులా మోయాల్సి వచ్చేది, మడమల దాకా వేలాడే బూడిదరంగు కోటు. దాన్ని ఫ్రాక్ అనేది. మా ఊళ్ళో ఫ్రాకులు ఆడపిల్లలు తొడుక్కుంటారమ్మా అని నేనంటే, మీ ఊరి ఆడపిల్లలు చాలా బలవంతులని ఆమె అనేది.

ప్రతి పేరు చివరా ఒక మాట తగిలించేది. గెన్సరెన్ హాన్స్. ఫ్రాక్కెన్ హాన్స్. హాన్స్ అంటే ఆయనది అని అర్థం. మనం ముందు మనిషిని చెప్పి తర్వాత బట్టను చెబుతాం. వాళ్ళు ముందు బట్టను చెప్పి, తర్వాత అది ఎవరిదో చెబుతారు.

ఇవన్నీ నాకెందుకు నేర్పుతున్నారని ఒకసారి అడిగాను. మద్రాసు దాకా ఆ భాష వినేవాళ్ళు లేరని, పలకడానికి ఎవరూ లేకపోతే తన మాటలు తనకే దూరమవుతాయేమోనని భయమని చెప్పింది. ఉత్తరాలు కూడా రావడం లేదు. నాకు జాలేసి ఒక నోటుపుస్తకం పెట్టుకుని పేర్లన్నీ తెలుగులో రాసుకున్నాను. ఆమె వాటిని నాతో చదివించేది, తప్పు పలికితే కుట్టు తప్పిన పిల్లను చూసినట్టు చూసేది. ఆ రోజుల్లో చిత్తూరు జిల్లా మొత్తం మీద ఆ మాటలు పలికినవాళ్ళం మేమిద్దరమే అనుకుంటాను.

నిజం చెప్పాలంటే నాకు ఆ బట్టలంటే భయం. గాలి వస్తే కోటు చేతులు నిండుకుని లేచేవి. తీగ మీద తలలేని మనిషొకడు నిలబడి ఎవరినో పిలుస్తున్నట్టే ఉండేది. దాన్ని ఎంత దులిపినా పొగాకు, రంపంపొట్టు, తడి ఉన్ని కలిసిన వాసన పోయేది కాదు. దొరసానమ్మ దాన్ని ఆరేసే నెపంతో కాలరు దగ్గర ముఖం పెట్టేది. నేను అటు చూడకుండా వేరే బట్ట సర్దుకునేదాన్ని. మా అమ్మ అయితే ఆ తీగ కింద నుంచి నడిచేదే కాదు, చుట్టు తిరిగి పోయేది.

మూడో ఏడు వానల్లో దొరసానమ్మకు జబ్బు చేసి, వైద్యానికి వేలూరు పోయింది. పెట్టె తాళంచెవి నాకిచ్చి, ఎండ వచ్చాక బట్టలు ఆరేయమని చెప్పింది. ఆమె అక్కడ మంచం మీద ఉండగానే మద్రాసు నుంచి తంతి వచ్చిందట. ఓడ మునిగింది. ఆయన దొరకలేదు. ఆ సంగతి నాకు రెండు వరుసల ఉత్తరం రాసింది. ఎప్పుడూ గుండ్రంగా రాసే ఆమె అక్షరాలు ఆ రెండు వరుసల్లో పక్కకు పడిపోయి ఉన్నాయి.

ఆ ఉత్తరం వచ్చిన వారానికి ఎండ కాసింది. చెప్పిన పని కదా అని పెట్టె తీశాను. ఒక్కొక్క బట్టా ఆరేస్తుంటే పేర్లు వాటంతట అవే నోట్లోకి వచ్చాయి. షుర్తెన్ హాన్స్ అనబోయి ఆగాను. ఎవరిదని చెప్పను? ఆ మధ్యాహ్నం గాలి లేదు. అయినా కోటు కదిలింది. కదిలిందనే నేను ఈనాటికీ అనుకుంటాను. అమ్మ కూడా చూసింది. చేతిలో చేట కింద పెట్టేసి నా దగ్గరికి వచ్చింది.

“పోయినోళ్ళ గుడ్డలు పెట్టుకుంటే వాళ్ళు యాడికి పోతారే? ఈడనే తిరగతా ఉంటారు. మీ నాయన సంగతి మరిసిపోయినావా?” అంది.

మరిచిపోలేదు. మాది మతం మారిన ఇల్లే, కానీ మారనివి మారనట్టే ఉన్నాయి. మా దిక్కున మనిషి పోతే ఆయన బట్టలు చాకలికి ఇచ్చేస్తారు. ఇంట్లో నూలుపోగు ఉంచరు. నాయన పోయినప్పుడు ఆయన పైగుడ్డ ఒకటి నేను దాచుకున్నాను, తలకింద పెట్టుకుని పడుకునేదాన్ని. నెల్లాళ్ళు మా అమ్మకు పట్టపగలు వాకిట్లో ఆయన దగ్గు వినిపించింది. నాకూ వినిపించింది. పైగుడ్డ చాకలామెకు ఇచ్చిన రోజు నుంచి ఆ దగ్గు లేదు. మా ఊహ అని మీరంటారు. అనండి, నేను వాదించను. అంత నెమ్మది ఆ గదిలో అంతకుముందు లేదు.

ఆమె తిరిగొచ్చేసరికి ఇల్లు తేలికపడి ఉండాలనుకున్నాను. ఆమె చేత్తో ఆ బట్టలు తీసి ఇవ్వాల్సిన కష్టం తప్పించాలనుకున్నాను. పైగా ఆమెకు చుట్టాలా పక్కాలా, చేయాల్సింది చేసేవాళ్ళు ఎవరున్నారు? నేను కాక. ఇలా అన్నీ మంచి కారణాలే. ఆ కోటుతో ఒకే ఆవరణలో ఉండలేక అన్న కారణం మాత్రం అప్పుడు నాకు నేను చెప్పుకోలేదు. చాకలామెను పిలిచి పెట్టె మొత్తం ఆమె దుప్పట్లోకి బోర్లించాను. ఆమె ఒక్క మాటా అడగలేదు, పద్ధతే కదా. మూట నెత్తికెత్తుకుని పోయింది. ఆ రోజు నేను కడుపునిండా అన్నం తిన్నాను.

పక్షం రోజులకు రెండో ఉత్తరం వచ్చింది. ఒంట్లో నయమైందని, ధనుర్మాసంలో ఫలానా రోజు పొద్దున కాట్పాడి బండిలో పాకాలకు వస్తున్నానని, అక్కడ బండి మారాలి గనుక సామాను అందుకోవడానికి నన్ను రమ్మని రాసింది. ఆ కింద ఇంకో నాలుగు వరుసలున్నాయి. సముద్రము నాకు ఏమియు తిరిగి ఇవ్వలేదు, సమాధి చేయుటకు చోటు కూడ లేదు, అయితే ఆయన వస్త్రములు కలవు, వాటిలో ఆయన వాసన కలదు, నేను వచ్చి ఆ పెట్టె ప్రక్కన కూర్చుందును, అని.

వాళ్ళ పద్ధతి ఏమిటో అడగాలని మూడేళ్ళలో నాకు ఒక్కసారి తోచలేదు. మేం పోయినవాళ్ళను పంపించడానికి బట్టలు ఇచ్చేస్తాం. వాళ్ళు పోయినవాళ్ళను ఉంచుకోవడానికి బట్టలు దాచుకుంటారు. పేర్లన్నీ నేర్చుకున్నాను గానీ ఇది నేర్చుకోలేదు.

నోటుపుస్తకం చేతబట్టుకుని చాకలామె ఇంటికి పరుగెత్తాను. గెన్సర్ ఆమె గడపలోనే కనిపించింది. రెండేళ్ళ మనవరాలి ఒంటి మీద ఉంది. మామూలు గుడ్డల్లాగే చౌడు నీళ్ళలో ముంచి, ఉబ్బలో పెట్టి, కింద మంట వేసి ఆవిరికి ఉడికించిందట. ఉన్నికి ఆ సంగతి పడదు. ఆరడుగుల మనిషి చొక్కా రెండేళ్ళ పిల్లకు సరిపోయేటంత ముడుచుకుపోయింది. దళసరిగా, అట్టలాగా, చుక్కలన్నీ దగ్గరికి లాక్కుని.

“ఇదేం గుడ్డో పాపా, నా సేతుల్లో ఇట్లాంటిది యానాడూ సూడలేదు. నాకే బయం పుట్టింది,” అంది చాకలామె.

వాసన చూశాను. చౌడు వాసన, పసిపిల్ల వాసన. అంతే. చొక్కాలు ఆమె కూతుళ్ళ రవికెలయ్యాయి. స్ట్రొంపర్ విప్పి దారం తీసి, దాంతో మూటలు కట్టుకుంటున్నారు. లాగులు వడమాలపేటలో చుట్టాల ఇంటికి పోయాయి. టోపీ, మెడగుడ్డ, చేతితొడుగులు ఎవరెవరు తీసుకున్నారో ఆమెకే గుర్తులేదు. కోటు ఒక్కటే ఉతకలేదట. తడిపితే ఎత్తలేమని, పాకాల స్టేషన్‌లో బొగ్గు ఎత్తే పనిలో ఉన్న పెద్దల్లుడికి అట్లాగే ఇచ్చేసింది. తెల్లవారుజాము పని, మంచులో వణుకుతున్నాడని.

కోటు తిరిగి ఇప్పించమని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆమె కోప్పడలేదు. ఇచ్చేసిన గుడ్డ మళ్ళా ఆ గడప తొక్కితే ఆ ఇంటికి మంచిది కాదని, ఆ పాపం తన మీద పెట్టవద్దని చెప్పింది. మా అమ్మా అదే మాట అంది. వాళ్ళిద్దరూ నా మేలు కోరినవాళ్ళే, అదే నాకు మండిపోయింది. ఇక మిగిలింది ఆ అల్లుణ్ణి నేనే పట్టుకోవడం. దొరసానమ్మ వచ్చే రోజునే ముందు బండికి పాకాల పోయి, అతణ్ణి బతిమాలి కోటు తీసుకుని, ఇదొక్కటే మిగిలిందని ఆమె చేతిలో పెట్టి కాళ్ళ మీద పడాలని అనుకున్నాను.

పాకాలలో ఆ పొద్దున మంచు దట్టంగా ఉంది. ప్లాట్‌ఫారం ఈ చివర నిలబడితే ఆ చివర కనపడలేదు. అతని కోసం అడిగాను. ఇప్పుడే ఇట్లా పోయినాడని ఒకరు, లోపల యార్డులో ఉంటాడని ఒకరు చెప్పారు. రెండుసార్లు తిరిగాను. మూడోసారి తిరగబోతుంటే కాట్పాడి బండి వచ్చేసింది.

దొరసానమ్మ దిగింది. సగమైపోయింది మనిషి. నల్ల గౌను భుజాల మీద వదులుగా ఉంది. నన్ను చూసి చెయ్యి పట్టుకుంది. నేను సామాను లెక్కచూస్తున్నట్టు తల వంచుకున్నాను. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూ, ముందు ఆమెను ఎక్కడైనా కూర్చోబెడదామని బెంచీ కోసం చూశాను.

నా చెయ్యి పట్టుకున్న ఆమె చెయ్యి ఒక్కసారిగా బిగుసుకుంది.

“ఫ్రాక్కెన్ హాన్స్,” అన్నది, గొంతులోంచి రాకుండా, పెదాలతోనే.

చూశాను. మా ముందు, మంచులో, పొడుగాటి మనిషి ఒకడు మాకు వీపు పెట్టి నడిచిపోతున్నాడు. ఒంటి మీద బూడిదరంగు కోటు. నెత్తి మీద గుడ్డ కప్పుకున్నాడు, తల ఎవరిదో తెలియదు. ఆమె నన్ను వదిలేసి అతని వెంట నడిచింది. పరుగెత్తలేదు. పరుగెత్తితే చెదిరిపోతాడన్నట్టు, మెల్లగా, ఒక చెయ్యి ముందుకు చాచి నడిచింది. పక్క నుంచి ఆమె ముఖం చూశాను. అలాంటి సంతోషం నేను ఏ మనిషి ముఖంలోనూ చూడలేదు, ఇక చూడాలని కూడా లేదు. తంతి తప్పు. ఓడ మునగలేదు. ఆయన వచ్చి, పెట్టె తీసి, కోటు వేసుకుని తనను పిలుచుకుపోవడానికి పాకాల దాకా వచ్చాడు. ఆ పదిపన్నెండు అడుగులూ ఆమె భర్త బతికే ఉన్నాడు. బతికించింది నేనే.

అడుగుల చప్పుడుకు అతను వెనక్కి తిరిగాడు.

బొగ్గుమసి పట్టిన ముఖం, పాతికేళ్ళుంటాయి. తెల్లటి దొరసాని చెయ్యి చాచి ఎదురుగా నిలబడితే హడలిపోయాడు. కోటు దొంగిలించాడని పట్టుకోవడానికి వచ్చామనుకున్నాడు. మా యత్త ఇచ్చినాదమ్మా, నేను యాడా తీసుకోలేదు అంటూ అప్పుడే విప్పబోయాడు. దొరసానమ్మ చెయ్యి కిందికి దించుకుంది. అతణ్ణి చూసింది, నన్ను చూసింది. నా ముఖంలో ఉన్నది చదువుకోవడానికి ఆమెకు ఏ భాషా అవసరం లేకపోయింది.

అక్కడే, నిలబడే చెప్పాను. నాయన పైగుడ్డ సంగతి చెప్పాను, దగ్గు సంగతి చెప్పాను, భయపడ్డానని కూడా చెప్పాను. ఆమె తిట్టలేదు. నేర్పిన వరుసలోనే ఒక్కొక్క పేరూ అడిగింది.

షుర్తె? చించి రవికెలు కుట్టుకున్నారమ్మా. బుక్సె? వడమాలపేటకు పోయాయి. స్ట్రొంపర్? విప్పేశారు. వొత్తర్, లూవె, షెర్ఫ్? తెలియదమ్మా. గెన్సర్ దగ్గర ఆమె చాలాసేపు ఆగి అడిగింది. ఉబ్బలో పెట్టారమ్మా, పసిపిల్ల తొడుక్కుంటోంది అని చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుంది. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ సంగతి నాకు అప్పుడు, ఆ మాట అన్నాక గుర్తొచ్చింది.

ఆ కుర్రవాడు కోటు విప్పి రెండు చేతుల మీదా పట్టుకుని చలికి వణుకుతూ నిలబడ్డాడు. తీసుకోండమ్మా అని నేను ఏడుస్తూ అన్నాను, అది ఉతకలేదు, అది అట్లాగే ఉంది అని. ఆమె దగ్గరికి పోయి కాలరు ఎత్తి ముఖానికి ఆనించుకుంది. బొగ్గు వాసన, బీడీ వాసన నాకే తెలుస్తున్నాయి. ఆమె చాలాసేపు వెతికింది. తర్వాత కోటు చేతులు విప్పి పట్టుకుని, తొడుక్కోమని అతనికి సైగ చేసింది. ఇంట్లో ఆయన బయటికి పోయేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకుందేమో. అతను ఎట్లా తొడుక్కోవాలో తెలియక తికమకపడి తొడుక్కున్నాడు. ఆమె గుండీలు పెట్టింది, భుజాల మీద మసి దులిపింది. ఇది నీదే అని చెప్పింది.

తర్వాత నా వైపు తిరిగింది.

“అతనిని ఇంకొకసారి నడువుమని చెప్పుము. ఆ చివర వరకు. ఇందాకటి వలె.”

నేను చెప్పాను. అన్నా, ఆ పక్కకు తిరిగి చివరిదాకా నడువు, వెనక్కి చూడొద్దు అని. అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. అయినా తిరిగి నడిచాడు. మొదట బెదురుతూ, తర్వాత మామూలుగా, పనికి పోయే మనిషి నడిచినట్టు. మంచు అతని కాళ్ళను ముందు తీసుకుంది. బూడిదరంగు వీపు మాత్రం చాలాసేపు కనిపించింది. దొరసానమ్మ నా పక్కన కదలకుండా నిలబడి, రెప్ప వేయకుండా చూసింది. మా బండికి గంట కొట్టారు. అతను ప్లాట్‌ఫారం చివర దిగి పట్టాల వెంట ఇంకా పోతూనే ఉన్నాడు, ఆగమని ఎవరూ చెప్పలేదు గనుక.

“పిలవమంటారా అమ్మా? వెనక్కి రమ్మంటాను,” అన్నాను.

“వలదు,” అన్నది దొరసానమ్మ, అటే చూస్తూ. “ఇటు తిరిగినయెడల ఆయన మరల చనిపోవును.”